అత్తయ్యగారి గదికి ఐదు స్టార్లు, పిల్లల గదికి మూడు

ఎండలు ముదిరేసరికి ఉత్తరాలన్నీ ఏసీలు, ఫ్యాన్ల చుట్టూనే తిరుగుతున్నాయి. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. నేను కరెంటు మీటర్లు పరీక్షించే ల్యాబ్‌లో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. "మా మీటరు గిర్రున తిరిగిపోతోంది, పాడైంది, మార్చండి" అని జనం ఫిర్యాదు ఇస్తే ఆ మీటరును తెప్పించి, బెంచి మీద పెట్టి చూడటమే నా ఉద్యోగం. చాలాసార్లు మీటరు సరిగ్గానే ఉండేది. యూనిట్లు తినేసే వస్తువు ఇంట్లో ఎక్కడో ఉండేది. అదేదో వాళ్లతో కూర్చుని వెతకడం నాకు అప్పుడే అలవాటైంది.

ప్రశ్న: అక్కా, మాది డాబా ఇల్లు, పైన ఇంకో అంతస్తు లేదు. ఈ వేసవికి రెండు ఏసీలు కొందామనుకుంటున్నాం. ఒకటి పిల్లల గదికి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి వరకే వేస్తాం. రెండోది మా అత్తయ్యగారి గదికి. ఆవిడకు పక్షవాతం వచ్చి మంచం మీదే ఉంటున్నారు, ఉక్కకు అస్సలు తట్టుకోలేకపోతున్నారు. ఆవిడకు ఏడు నెలలైనా వేయాలి, రోజుకు పద్నాలుగు గంటలు తప్పదు. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ 3 స్టార్‌ది 36,000, 5 స్టార్‌ది 45,000 చెప్పారు. లేబుల్ మీద ఏడాదికి ఒకదానికి 980 యూనిట్లు, ఇంకోదానికి 750 అని ఉంది. "రెండూ ఫైవ్ స్టారే తీసుకోండి, బిల్లు సగమైపోతుంది" అంటున్నారు షాపువాళ్లు. ఏసీ లేకుండానే మాకు నెలకు 220 యూనిట్లు వస్తాయి. పద్దెనిమిది వేలు అదనంగా పెట్టాలా? — ఓ పాఠకురాలు, భీమవరం

జవాబు: పెట్టక్కర్లేదమ్మా, తొమ్మిది వేలు పెడితే చాలు. అత్తయ్యగారి గదికి 5 స్టార్, పిల్లల గదికి 3 స్టార్ కొనండి. ఎందుకో లెక్క చెప్తాను. ఈ లెక్క మీకు వస్తే ఇక ఏ షాపులోనూ ఎవరినీ అడగక్కర్లేదు.

ముందుగా, బిల్లు సగం కాదు. 980 నుంచి 750కి అంటే పావు వంతు కూడా తగ్గడం లేదు. రెండో సంగతి, ఆ లేబుల్ మీది అంకె ఏడాదికి 1,600 గంటలు ఏసీ నడుస్తుందనుకుని వేసింది. మీ పిల్లల గదిలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున తొంభై రోజులు నడిస్తే 720 గంటలు. అంటే లేబుల్ లెక్కలో సగం కూడా లేదు. రెండు ఏసీల మధ్య తేడా 230 యూనిట్లు కదా, మీ వాడకానికి అది 103 యూనిట్లకు దిగుతుంది. మీ ఇల్లు ఇప్పటికే 220 యూనిట్ల దగ్గరుంది కాబట్టి ఏసీ తినే యూనిట్లు చాలావరకు మన ఆంధ్రప్రదేశ్ టారిఫ్‌లో 226 నుంచి 400 దాకా ఉన్న శ్లాబులో పడతాయి. అక్కడ యూనిట్ 8 రూపాయల 75 పైసలు. మొత్తం మీద ఏడాదికి మిగిలేది సుమారు 900 రూపాయలు. పెట్టిన తొమ్మిది వేలు తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. అప్పటికి ఆ ఏసీ ఉంటుందో లేదో.

అత్తయ్యగారి గది లెక్క వేరు. రోజుకు పద్నాలుగు గంటలు, రెండు వందల పది రోజులు అంటే 2,940 గంటలు. లేబుల్ లెక్కకు దాదాపు రెట్టింపు. అక్కడ 5 స్టార్ వల్ల ఏడాదికి 422 యూనిట్లు, అంటే సుమారు 3,700 రూపాయలు మిగులుతాయి. రెండున్నరేళ్లలో మీ డబ్బు మీ చేతికొచ్చేస్తుంది. రెండు ఏసీలూ కలిసి 400 దాటించిన నెలల్లో ఆ పై యూనిట్లకు 9.75 పడుతుంది కాబట్టి ఇంకా ముందే రావచ్చు.

మిగిలిన తొమ్మిది వేలను దయచేసి డాబా మీద పెట్టండి. పైన అంతస్తు లేదన్నారు కదా. పగలంతా కాగిన స్లాబు రాత్రి పన్నెండు దాకా గదిలోకి వేడిని దింపుతూనే ఉంటుంది, ఏసీ ఆ వేడితో పోట్లాడుతూ కరెంటు తాగుతుంది. ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ పెయింట్ రెండు కోట్లు వేయించండి. తెలంగాణలో అయితే 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీయే తెచ్చారు. నా అనుభవంలో పిల్లల గదిలో తేడా తెలిసేది స్టార్ల వల్ల కంటే ఈ రంగు వల్లే.

కొనేటప్పుడు ఇంకొకటి చూడండి. స్టార్లు ఇచ్చే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అదే బీఈఈ, ఆ కొలతలను అప్పుడప్పుడూ కఠినం చేస్తుంటుంది. 2022 జూలైలో అలా మార్చినప్పుడు అంతకుముందు 5 స్టార్ ఉన్న ఏసీలు చాలావరకు 4 స్టార్‌కు దిగాయి. అందుకే తగ్గింపు ధరకు పాత స్టాకు ఇస్తామంటే లేబుల్ ఏ సంవత్సరాలదో చూడండి. స్టార్ల కంటే దాని మీదుండే ఐఎస్ఈఈఆర్ అనే అంకెను, అంటే తిన్న కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకెను, పోల్చుకుంటే మోసం ఉండదు. అది ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. దాన్ని 18కి దించకండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని బీఈఈ చెప్పే మాట. 26 పెట్టి, ఫ్యాన్ చిన్నగా తిప్పితే పిల్లలు హాయిగా నిద్రపోతారు. అత్తయ్యగారికి చల్లగాలి నేరుగా తగలకుండా మంచం కొంచెం పక్కకు జరపండి. ఆవిడ ఆరోగ్యం బాగుపడాలని కోరుకుంటున్నాను.

ప్రశ్న: నమస్తే మేడం. మాకు గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది. కానీ పోయిన ఏప్రిల్‌లో 214 యూనిట్లు కాలి, ఒక్కసారిగా పదకొండు వందల పైన బిల్లు వచ్చింది. ఈ ఎండాకాలం మళ్లీ అట్లనే అయితదేమోనని టెన్షన్‌గా ఉంది. మూడు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, ట్యూబ్‌లైట్లు, అంతే ఉన్నాయి. ఇప్పుడు మా ఆయన కూలర్ కొందామంటున్నారు. కొంటే 200 దాటకుండా ఉంటుందా? — ఓ గృహిణి, నిజామాబాద్

జవాబు: మీ టెన్షన్ నాకు అర్థమైందమ్మా. మీ విషయంలో ఒక్క యూనిట్ కూడా వెయ్యి రూపాయల మాట. 200 లోపల ఉంటే సున్నా. దాటితే మొత్తం యూనిట్లకూ కట్టాలి. మొదటి 200కి 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020, ఆ పైవాటికి 7.70 చొప్పున. మీ 214కి పదకొండు వందల ముప్పై దాకా వస్తుంది, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే.

కూలర్ సంగతి తర్వాత, ముందు ఫ్యాన్లు. మామూలు సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది. మూడు ఫ్యాన్లు రోజుకు పద్నాలుగు గంటలు తిరిగితే నెలకు 94 యూనిట్లు. మీ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ తింటున్నది మీరు అసలు అనుమానించని ఆ ఫ్యాన్లే. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే ఫ్యాను, అదే గాలికి 30 వాట్ల దగ్గర ఉంటుంది. మూడూ మారిస్తే నెలకు 38 యూనిట్లు. అంటే 56 యూనిట్లు తగ్గుతాయి. మీ 214 కాస్తా 158కి వస్తుంది.

ఇప్పుడు కూలర్. మీ నిజామాబాద్ ఎండ పొడి ఎండ కాబట్టి అక్కడ కూలర్ బాగా పనిచేస్తుంది. (ఇదే ప్రశ్న మచిలీపట్నం నుంచి వచ్చుంటే వద్దనేదాన్ని. గాలిలో అంత తేమ ఉన్నచోట కూలర్ ఒళ్లంతా జిడ్డు చేస్తుందే గానీ చల్లబరచదు.) మామూలు కూలర్ 180 వాట్లు అనుకుందాం. రోజుకు ఎనిమిది గంటలు వేస్తే నెలకు 43 యూనిట్లు. 158కి కలిపితే 201. కత్తి మీద సాము అవుతుంది. ఆరు గంటలకు కుదించుకుంటే 32 యూనిట్లు, మొత్తం 190. అదీ కూలర్ వేసిన గదిలో కిటికీ తెరిచి పెట్టుకుంటేనే సుఖం. లోపలి తేమ బయటకు పోవాలి.

అందుకని ముందు ఫ్యాన్లు, తర్వాతే కూలర్. మూడూ ఒకేసారి కొనలేకపోతే ఏ గదిలో ఎక్కువ గంటలు తిరుగుతుందో అక్కడిది ముందు మార్చండి. ఒక్కోటి మూడు వేల దాకా ఉంటుంది. ఎండాకాలం మూడు నెలలూ పదకొండు వందల చొప్పున తప్పించుకుంటే మూడు వేసవుల్లో మూడు ఫ్యాన్ల డబ్బూ వచ్చేస్తుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి, అది లేని ఫ్యాను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. బిగించేటప్పుడు గోడకున్న పాత రెగ్యులేటర్‌ను లైన్‌లోంచి తీసేయమని ఎలక్ట్రీషియన్‌తో గట్టిగా చెప్పండి. చాలా బీఎల్‌డీసీ ఫ్యాన్లకు స్పీడు వాటి రిమోట్‌తోనే మార్చాలి. పాత రెగ్యులేటర్ మీద నడిపితే లోపలి కార్డు కాలిపోవచ్చు.

ఇంకొక్క మాట. వంటింటి క్యాలెండర్ మీద ప్రతి ఆదివారం మీటరు రీడింగ్ రాసుకోండి. రెండు వారాలకు వంద దాటిందంటే జాగ్రత్తపడటానికి ఇంకా రెండు వారాలు మీ చేతిలో ఉంటాయి.

ప్రశ్న: అమ్మ అమలాపురం దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఇరవై ఏళ్ల ఫ్రిజ్. కొత్తది కొనిస్తానంటే "బాగానే పనిచేస్తోంది కదరా, పాడు కాని వస్తువును ఎలా పారేస్తాం" అంటుంది. ఆ మాటా నిజమే అనిపిస్తుంది. మార్చాలా, వద్దా? — ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఈ ఉత్తరం చదివి మా అత్తయ్య గుర్తొచ్చింది బాబూ. తెనాలిలో ఆవిడకూ ఇలాంటి ఫ్రిజ్జే ఉండేది. తన పేరు మీద వేసుకున్న మొదటి చీటీ పాడుకుని కొనుక్కున్న వస్తువు. ఎవరైనా దాన్ని మార్చమంటే ఆవిడకు కళ్లలో నీళ్లొచ్చేవి. నేను మార్చమని అనలేదు. ఒక పెళ్లికి అందరం ఊరెళ్తున్న రోజున ఫ్రిజ్ తప్ప ఇంట్లో అన్నీ ఆపేసి, మీటరు రీడింగ్ రాసుకున్నాను. సరిగ్గా ఇరవై నాలుగు గంటల తర్వాత వచ్చి చూస్తే 2.8 యూనిట్లు. తలుపు కూడా తీయని రోజున!

తలుపు రబ్బరు సందేహం వచ్చింది. పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగితే పట్టు లేకుండా వచ్చేసింది. మెకానిక్‌తో కొత్త రబ్బరు వేయించి, ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరిపించి, మళ్లీ కొలిస్తే 2.1 యూనిట్లు. ఎంత బాగుచేసినా పాత కంప్రెసర్ అంతకంటే దిగదు. అదే సైజు కొత్త సింగిల్ డోర్ ఫ్రిజ్ లేబుల్ చూస్తే ఏడాదికి 165 యూనిట్లు, రోజుకు అర యూనిట్ లోపే. రోజుకు 2.1 అంటే ఏడాదికి 766. ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసి అత్తయ్య చేతికిచ్చాను. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే "కొత్తది ఏ రంగువి ఉన్నాయి?" అని అడిగారు. పాతదాన్ని ప్లగ్గు తీసేసి వంటింట్లోనే ఉంచుకున్నారు, ఆవకాయ జాడీలు పెట్టుకోవడానికి. (పిల్లలు తిరిగే ఇల్లయితే మాత్రం పాత ఫ్రిజ్ తలుపు ఊడదీయించండి. ఆడుకుంటూ లోపల దూరితే ప్రాణాపాయం.)

కాబట్టి మీరు ఈసారి వెళ్లినప్పుడు అమ్మతో వాదించకండి. ఒక రోజు కొలవండి. ఒక యూనిట్ దగ్గర్లో ఉంటే రబ్బరు మార్పించి వదిలేయండి, ఆవిడ మాటే సరి. రెండు దాటితే ఆ అంకె ఆవిడకే చూపించండి.

కొనాల్సి వస్తే ఒక్కరికి 180, 190 లీటర్ల సింగిల్ డోర్ చాలు. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకూ సింగిల్ డోర్ వాటికీ స్టార్ల లెక్క వేరువేరుగా ఉంటుంది. పెద్ద ఫ్రిజ్ మీది మూడు స్టార్లూ చిన్నదాని మీది మూడు స్టార్లూ ఒకటి కావు. లేబుల్ మీది ఏడాది యూనిట్లు మాత్రమే చూడండి. పాతదాన్ని ఇంకెవరికీ ఇవ్వకండి, ఆ బిల్లు వాళ్ల నెత్తిన పడుతుంది. ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయండి.

ప్రశ్న: గీజర్‌కు 5 స్టార్ తీసుకుంటే నీళ్లు తక్కువ కరెంటుతో కాగుతాయా? — ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: కాగవండీ. పదిహేను లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 45కి తేవడానికి ఏ గీజర్‌కైనా సుమారు 0.35 యూనిట్ కావాల్సిందే. ట్యాంకు గీజర్ మీది స్టార్లు చెప్పేది కాగిన నీళ్లు ఎంతసేపు వేడిగా నిలుస్తాయో. రోజంతా ఆన్‌లో ఉంచే ఇంటికి, పొద్దుటి నుంచి ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసే పెద్ద కుటుంబానికి 5 స్టార్ అవసరం. మీరు స్నానానికి పది, పదిహేను నిమిషాల ముందు వేసి, బకెట్ నిండగానే ఆపేసేవాళ్లయితే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఐఎస్ఐ ముద్ర, మంచి ఎర్తింగ్, ఈ రెండిట్లో మాత్రం రాజీపడకండి. అన్నట్టు మీ అనంతపురంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే కదా. సొంత డాబా ఉంటే సోలార్ వాటర్ హీటర్ ధర ఒకసారి కనుక్కోండి.

ప్రశ్న: ఇండియా వస్తున్నాను. ఇక్కడ ఎనర్జీ స్టార్ ముద్ర ఉన్న చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ అమ్మావాళ్లకు తేవాలని ఉంది. — ఓ పాఠకురాలు, డాలస్

జవాబు: వద్దమ్మా. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ దించినా హెర్ట్జ్ మారదు, ఫ్రిజ్ మోటారు సరిగ్గా నడవదు, పైగా ట్రాన్స్‌ఫార్మరే కొంత కరెంటు తింటుంది. ఆ ఎనర్జీ స్టార్ అమెరికా కొలత, మన స్టార్లకు దానితో పోలిక లేదు. ఇక్కడికొచ్చాక అమ్మానాన్నలను వెంటబెట్టుకుని షాపుకు వెళ్లండి. వాళ్లకు అదే ఎక్కువ సంతోషం.

ప్రశ్న: మేడం, నేను తొమ్మిదో తరగతి. సైన్సు ప్రాజెక్టు కోసం మా ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు తింటుందో కనుక్కోవాలి. కొలిచే పరికరం కొనడానికి డబ్బుల్లేవు. ఎలా? — ఓ విద్యార్థిని, కదిరి

జవాబు: తల్లీ, ఆ పరికరం మీ ఇంటి గోడకే ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు నేను వాడింది కూడా అలాంటిదే.

మీ డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది చూడు. దాని పక్కన 3200 ఐఎంపీ పర్ కేడబ్ల్యూహెచ్ అని ఇంగ్లిష్‌లో రాసి ఉండొచ్చు. అంటే ఆ లైటు 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయిందని అర్థం. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే దాన్నే వాడు. అమ్మకు చెప్పి ఇంట్లో అన్నీ స్విచ్‌ల దగ్గర ఆపేసి, ఒక్క ఫ్రిజ్ మాత్రం ఉంచు. కంప్రెసర్ చప్పుడు వినపడుతున్నప్పుడు గడియారం పట్టుకుని అయిదు నిమిషాలు లెక్కపెట్టు. 32 సార్లు మెరిసిందనుకో. గంటకు 384. దాన్ని 3,200తో భాగిస్తే 0.12 యూనిట్. అంటే ఫ్రిజ్ అప్పుడు 120 వాట్లు లాగుతోందన్నమాట. తర్వాత ఫ్రిజ్ ఆపి ఒక ఫ్యాను, అది ఆపి టీవీ. ఒక్కోటీ నోటుబుక్‌లో రాసుకో. మీటరును దూరం నుంచే చూడాలి, దాన్ని గానీ సీలును గానీ ముట్టుకోకూడదు.

చివరగా ఇది కూడా చెయ్యి. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేశాక, టీవీని మాత్రం మీరు రోజూ రాత్రి ఆపే పద్ధతిలోనే, రిమోట్‌తో ఆపు. ఇప్పుడు మీటరు ముందు నిలబడు. రెండు నిమిషాలకొకసారి ఎర్ర లైటు మెరిస్తే పది వాట్ల వస్తువేదో ఇంకా మేలుకునే ఉందని లెక్క. చాలా ఇళ్లలో అది టీవీ కింద ఉండే సెట్‌టాప్ బాక్స్. పది వాట్లే అయినా ఏడాది పొడవునా ప్లగ్గులో ఉంటే 87 యూనిట్లు అవుతాయి. మీ ఇంట్లో ఎన్ని నిమిషాలకొకసారి మెరిసిందో, అది ఏ వస్తువో నాకు రాసి పంపు. వచ్చే నెల ఈ శీర్షికలో నీ లెక్కే వేస్తాను.